పసిపిల్లలకు రోజూ ఒక గంట ఆరుబయట కావాలి

సంపాదకులకు నమస్కారం.

ఆరుద్ర కార్తె దగ్గరపడింది. తొలి వానలకు మెట్ట నేలల్లో ఎర్రటి ఆరుద్ర పురుగులు బయటికి వస్తాయి. మూడు నాలుగేళ్ళ పిల్లలు వాటిని అరచేతిలో పాకించుకుని, మెత్తదనానికి ఆశ్చర్యపోవలసిన రోజులివి. మా టెక్కలిలో ఎంతోమంది పిల్లలు ఈ రోజులను ఎల్‌కేజీ గదిలో, పుస్తకంలోని బొమ్మకు ఎర్ర రంగు నింపుతూ గడుపుతున్నారు. నాకు ఇది చాలా బాధగా ఉంది.

2009 నాటి విద్యాహక్కు చట్టం బడికి ఆటస్థలం ఉండాలని చెబుతోంది. కానీ అది 6 నుంచి 14 ఏళ్ళ పిల్లల కోసం చేసిన చట్టం. ఆరుబయలు అందరికంటే ఎక్కువ అవసరమైన చిన్నపిల్లలు దాని పరిధిలోకి రారు. అందుకే దుకాణాల పై అంతస్తుల్లో నర్సరీలు నడుస్తున్నా అడిగేవారు లేరు. ఈ వయసు వారికి ఆటే చదువు కావాలని 2020 జాతీయ విద్యా విధానం చెప్పింది. ఆడడానికి చోటేది?

ఇది సరదా కోసం అడుగుతున్నది కాదు. చైనాలోని గ్వాంగ్‌జౌ నగరంలో ఒకటో తరగతి పిల్లలను బడి రోజుల్లో అదనంగా 40 నిమిషాలు ఆరుబయట ఉంచి మూడేళ్ళు పరిశీలించారు. మామూలు బడుల్లో 39.5 శాతం పిల్లలకు హ్రస్వదృష్టి (దూరపు వస్తువులు మసకగా కనిపించడం) వస్తే, వీరిలో అది 30.4 శాతమే. చదువు సంగతీ అంతే. పెద్దది, చిన్నది, బరువు, తేలిక అనేవి చింతగింజలతో, తాటికాయలతో తెలిసినంత బాగా పలక మీద తెలియవు. ఈతచెట్టుకు వేలాడే గిజిగాడి గూళ్ళు లెక్కపెట్టిన పిల్లకు అంకెలంటే భయం ఉండదు.

తల్లిదండ్రులకు పాముల భయం, ఎండ భయం ఉంటాయి. అవి నిజమైన భయాలే. శుభ్రం చేసిన ఆవరణ, చుట్టూ కంచె, నాలుగు వేప చెట్లు, ఉదయం వేళ ఉంటే చాలు. జర్మనీలోని ఫ్లెన్స్‌బర్గ్‌లో 1993లోనే అడవి బడికి ప్రభుత్వ గుర్తింపు ఇచ్చారు. అక్కడి పిల్లలు చలిలోనూ బయటే ఉంటారు. మనం అడిగేది గంట మాత్రమే.

అయితే ఈ భారాన్ని అంగన్‌వాడీ టీచరు మీదే వేయడం అన్యాయం. పిల్లలకు భోజనం, బరువులు తూచడం, రిజిస్టర్లు, ఫోనులో పోషణ్ ట్రాకర్ నమోదు అన్నీ ఆమే చూసుకోవాలి. ఆయా వంటలో ఉంటే, ఇరవై మంది పిల్లలను ఆమె ఒక్కతే బయటికి ఎలా తీసుకువెళ్తుంది? ఆ గంటకు తల్లులు వంతులవారీగా రావాలి. అలా వచ్చే తల్లులకు ప్రభుత్వం కొంత గౌరవ వేతనం ఇవ్వాలి. ప్రైవేటు నర్సరీలకైతే ఆవరణ లేకుండా అనుమతి ఇవ్వకూడదు.

ఇంకో విన్నపం. మా మండలంలోని తేలినీలాపురానికి ఏటా వర్షాకాలం చివర పెలికాన్లు, ఎర్రకాళ్ళ కొంగలు వచ్చి చెట్ల మీద గూళ్ళు కడతాయి. వాటిని గోడ మీద చార్టులో మాత్రమే చూసిన పిల్లలు ఇక్కడే ఉన్నారు. చుట్టుపక్కల అంగన్‌వాడీ పిల్లలందరినీ ఈ ఏడాది అక్కడికి తీసుకువెళ్ళే ఏర్పాటును అటవీ శాఖ, స్త్రీ శిశు సంక్షేమ శాఖ కలిసి ఇప్పుడే మొదలుపెట్టాలి. గూళ్ళలో పిల్లలున్నప్పుడు అలజడికి పక్షులు బెదురుతాయి కాబట్టి, ఒకసారికి పదిమందికి మించకుండా పంపాలి.

– ఒక తల్లి, టెక్కలి, శ్రీకాకుళం జిల్లా