ఫ్రాయిడ్‌ని తీసేయకండి, డోరా కథతో కలిపి చెప్పండి

ఎడిటర్ గారికి నమస్కారం,

పోయిన ఆదివారం మీ పేపర్లో, సైకోఎనలిసిస్ అనే మనసు వైద్యం మొదలుపెట్టిన డాక్టర్ సిగ్మండ్ ఫ్రాయిడ్ మీద వచ్చిన వ్యాసం చదివానండి, ఆయనవన్నీ కట్టుకథలు, సిలబస్‌లోంచి ఎత్తేయాలన్నారు. కట్టుకథలు ఉన్నాయి, ఒప్పుకుంటా, ఎత్తేయడం మాత్రం తప్పు. నేను బీఏ సైకాలజీ చదివినప్పుడు మా లెక్చరర్ ఇడ్, ఈగో, సూపర్ ఈగో (మనసుని ఫ్రాయిడ్ విడగొట్టిన మూడు భాగాలు) డెఫినిషన్లు నోట్స్ చెప్పి పది మార్కుల ప్రశ్న అని వదిలేశారు, వాటి వెనక మనుషులున్నారని చాలా ఏళ్లకి గానీ తెలీలేదు.

వియన్నాలో బెర్తా పాపెన్‌హైమ్ అనే అమ్మాయి, ఎండాకాలంలో నాలుక పిడచకట్టుకుపోతున్నా నీళ్ల గ్లాసు పెదాలకి తగిలితే చాలు తోసేసేది, ఆరు వారాలు పళ్లతోనే గడిపింది. ఒకరోజు హిప్నోసిస్‌లో, ఇంట్లో ఉండే ఇంగ్లీషావిడ కుక్క గ్లాసులో నీళ్లు తాగడం చూశానని, అసహ్యమేసినా మర్యాదకి ఏమీ అనలేదని ఫ్రాయిడ్ స్నేహితుడైన డాక్టర్ బ్రాయర్‌తో మొత్తం కక్కేసింది, వెంటనే నీళ్లడిగి గటగటా తాగేసింది. మాటల వైద్యం అని పేరు పెట్టింది కూడా ఆ అమ్మాయే! రోగి చెప్పేది గంటలకొద్దీ కూర్చుని వినడం, ఇవాళ్టి కౌన్సెలింగ్‌కి మూలం అదే కదండీ. కానీ 1882లో ఆమెని శానటోరియంలో చేర్చాల్సొచ్చిందన్న మాట బ్రాయర్, ఫ్రాయిడ్ 1895లో వేసిన పుస్తకంలో లేదు.

ఫ్రాయిడ్ దగ్గరే వైద్యం చేయించుకున్న డోరా సంగతి ఇంకా బాధ. పద్నాలుగేళ్ల పిల్ల అని ఫ్రాయిడే రాశాడు, తండ్రి స్నేహితుడు షాపులో ఒంటరిగా చూసి పట్టుకుని ముద్దుపెట్టుకుంటే అసహ్యంతో వీధిలోకి పరిగెత్తింది. ఆ అసహ్యమే హిస్టీరియాకి, అంటే మనసులోని బాధ ఒంటి జబ్బులా బయటపడే రోగానికి, గుర్తు అన్నాడాయన! పిల్ల చెప్పింది నిజమేనని నమ్మాడు, నమ్మి కూడా నీకూ అతనంటే ఇష్టమేనని ఒప్పించబోయాడు. 1900 డిసెంబర్ ఆఖరి రోజున ఆ అమ్మాయి ఇక రానని చెప్పి వెళ్లిపోయింది. ఎక్కడ పొరపాటు చేశానో అని తర్వాత ఆయన రాసుకున్నాడు గానీ అసలు తప్పు ఆయనకి కనపడలేదనే నా అభిప్రాయం.

కలకత్తాలో 1922లోనే సైకోఎనలిటికల్ సొసైటీ పెట్టిన గిరీంద్రశేఖర్ బోస్ ఫ్రాయిడ్‌కి ఉత్తరాలు రాస్తూనే ఈడిపస్ విషయంలో, అంటే కొడుక్కి తల్లి మీద మోజు, తండ్రి మీద అసూయ ఉంటాయన్న ఫ్రాయిడ్ సిద్ధాంతం విషయంలో, నేను ఒప్పుకోనని చెప్పాడు, మన పిల్లలకి అలా చదవడం నేర్పొచ్చు కదా. ఇడ్, ఈగోలకి పది మార్కులిచ్చే పేపర్లో డోరా మాట ఫ్రాయిడ్ ఎందుకు వినలేకపోయాడు అన్న ప్రశ్న ఒక్కటి పెట్టమని మన యూనివర్సిటీల బోర్డ్ ఆఫ్ స్టడీస్ వాళ్లని మీ పేపర్ ద్వారా అడుగుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు, తెనాలి