మన సంఘం వార్షిక నివేదిక, 2024-25

గౌరవ అధ్యక్షురాలికి, కార్యవర్గానికి, సభ్యులందరికీ నమస్కారం.

సంఘం ఎందుకు పెట్టుకున్నామో మీకు కొత్తగా చెప్పనక్కర్లేదు. మహిళా దినోత్సవం, రక్తహీనత శిబిరాలు ఎప్పటిలాగే జరిగాయి. ఈ ఏడాది ఎక్కువ శ్రమ పెట్టింది మాత్రం ఆదోని, కోసిగి వైపు ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో (పీహెచ్‌సీల్లో) కుటుంబ నియంత్రణ సేవలు ఎలా అందుతున్నాయో చూడటానికే.

దేశంలో కుటుంబ నియంత్రణ కార్యక్రమం 1952లోనే మొదలైంది. ఇన్నేళ్లకు మన రాష్ట్రం పరిస్థితి ఏమిటంటే, 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం పెళ్లయిన ఆడవాళ్లలో 70 శాతం దాకా ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే. మగవాళ్ల ఆపరేషన్ ఒక శాతం కూడా లేదు. కోత పెద్దగా లేకుండా కొద్ది నిమిషాల్లో అయిపోయేదానికి మగవాళ్లు రారు, పొట్ట కోయించుకోవడానికి ఆడవాళ్లు క్యూలో ఉంటారు. రిజిస్టర్‌లో ఆపరేషన్ల సంఖ్య బాగుంటే పైవాళ్లు సంతోషిస్తారు. ఆమెకు వేరే పద్ధతులు చెప్పారా, అడిగిందానికి జవాబిచ్చారా, తర్వాత ఎవరైనా వచ్చి చూశారా అన్నది ఆ రిజిస్టర్‌లో ఎక్కడా ఉండదు. సేవల నాణ్యతకు పరిశోధకురాలు జుడిత్ బ్రూస్ 1990లో చెప్పిన ఆరు అంశాలను ముందు పెట్టుకుని, మన మాటల్లో ప్రశ్నలు రాసుకుని ఊళ్లకు వెళ్లాం.

చాలాచోట్ల కాపర్-టి ఉంది, వేసేవాళ్లు ఆ రోజు లేరు. నిరోధ్ పెట్టె ఉంది, బీరువాలో తాళం వేసి ఉంది! తాళం తీయమని ఏ కుర్రాడు అడుగుతాడు? గర్భం రాకుండా 2017లో వచ్చిన అంతర ఇంజక్షన్, ఛాయ మాత్రల పేర్లు కూడా వినని తల్లులు ఎక్కువ. "ఆపరేషన్ ఒగటే ఉండాదనుకుంటిమి, ఇట్లాంటివి ఉండాయని మాకెవురూ చెప్పల్యా" అన్నది ఇద్దరు పిల్లల తల్లి. ఆమెకు ఇరవై మూడేళ్లు. ఒక కేంద్రంలో భర్త సంతకం లేనిదే ఆపరేషన్‌కు పేరు రాసుకోం అన్నారు. ప్రభుత్వ నిబంధనల ప్రకారం భర్త అనుమతి అవసరమే లేదు. ఆ నిబంధనల కాగితం తీసి చూపించాక మాట మార్చారు.

ఇద్దరికి మించి పిల్లలుంటే స్థానిక ఎన్నికల్లో పోటీకి అనర్హులన్న నిబంధనను 2024 నవంబర్‌లో అసెంబ్లీ తీసేసింది. "ఇప్పుడు ఎక్కువ మందిని కనమంటుంటే మీరేందమ్మా ఇది పట్టుకున్నారు" అని ఒక ఉద్యోగి నవ్వారు. ఎంతమందిని కన్నా కాన్పుకీ కాన్పుకీ ఎడం ఉండాలి కదా, దానికి ఆపరేషన్ పనికిరాదు కదా అన్నాం. ఆయన ఫైలు తిరగేసుకున్నారు.

ఇక గర్వంగా చెప్పుకోవాల్సింది డిసెంబర్‌లో కోసిగిలో పెట్టిన కార్డుల మేళా. అక్కడి కుటుంబాలు సుగ్గికి, అంటే పంట కోతల వలసకు, గుంటూరు మిరప చేలకు పోతాయి, నెలల తరబడి తిరిగిరావు. అంతర ఇంజక్షన్ మూడు నెలలకొకసారి పడాలి. ఊళ్లో మొదటిది వేయించుకుని వలస పోతే రెండోది ఎవరు వేస్తారు? ఒకావిడ వక్కాకు సంచిలోంచి మడతలు పడిన ఇంజక్షన్ కార్డు తీసింది. మొదటి తేదీ ఉంది, రెండో తేదీ గడి ఖాళీ. ఏఎన్‌ఎం గారిని పక్కన కూర్చోబెట్టుకుని వచ్చిన ప్రతి కార్డు మీదా తేదీ పెద్ద అక్షరాలతో రాయించాం. రెండు వారాలు ముందైనా, నాలుగు వారాలు ఆలస్యమైనా వేయించుకోవచ్చని, కార్డు చూపిస్తే గుంటూరులో ఏ పీహెచ్‌సీలోనైనా అడగవచ్చని చెప్పాం. ఛాయ మాత్ర మొదటి మూడు నెలలు వారానికి రెండు, తర్వాత వారానికి ఒకటి అన్న లెక్కను కన్నడంలో విడమర్చి చెప్పిన మన సభ్యురాలికి ఆ రోజు చప్పట్లు ఆగలేదు. మగవాళ్ల ఆపరేషన్ అయ్యాక మూడు నెలల పాటు వేరే జాగ్రత్త తప్పదని, వీర్య పరీక్ష చేయించుకోవాలని చెబుతుంటే దూరంగా బీడీ తాగుతున్నవాళ్లు కూడా దగ్గరికొచ్చి విన్నారు.

జమాఖర్చుల కాగితం కోశాధికారి గారు అందరికీ పంచారు. ఆడిట్ అయింది. ప్రయాణ ఖర్చు ఎక్కువైంది, చందాలు తక్కువ వచ్చాయి, అంతే.

ఎండలో మాతో తిరిగిన ఆశా కార్యకర్తలకు, గది ఇచ్చిన హెడ్‌మాస్టర్ గారికి, మేళా రోజు డబ్బు తీసుకోకుండా టీ పోసిన హోటలాయనకు, ఆటో అన్నకు కృతజ్ఞతలు. పేర్లిచ్చి, ఫొటోలకు వచ్చి, ఊళ్లకు బయల్దేరే రోజు ఫోన్ స్విచాఫ్ చేసుకున్న సభ్యులకు ఏం చెప్పాలో తెలియడం లేదు. పీహెచ్‌సీల్లో చూసింది రాసి ఇచ్చిన మా నివేదిక తీసుకున్న పై ఆఫీసు రసీదు ఇచ్చింది, జవాబు ఇవ్వలేదు. అడిగిన ప్రతిసారీ "సార్ మీటింగ్‌లో ఉన్నారు" అన్నారు.

వచ్చే సుగ్గికి ముందే మంత్రాలయం, పెద్దకడుబూరు వైపు కూడా కార్డుల మేళా పెట్టాలని కార్యవర్గం తీర్మానించింది. రాగలిగినవాళ్లే పేర్లు ఇవ్వండి. చందా బాకీలు కూడా ఈ రోజే కట్టి రసీదు తీసుకోండి.

ఇట్లు,
కార్యదర్శి