వార్షిక నివేదిక: పెన్నా యాత్రల్లో మరుగుదొడ్ల నిర్వహణ

గౌరవనీయులైన అధ్యక్షుల వారికి, కార్యవర్గ సభ్యులకు, నెల్లూరు నుంచీ చుట్టుపక్కల మండలాల నుంచీ శ్రమ తీసుకుని వచ్చిన సభ్యులందరికీ నమస్కారాలు. మన నదీయాత్రల సంఘం ఆశయాలు మీ అందరికీ తెలిసినవే కనుక వాటిని మళ్లీ ఏకరువు పెట్టను. గత సర్వసభ్య సమావేశంలో మీరు నాకు ప్రత్యేకంగా అప్పగించిన పని ఒక్కటే. యాత్రల్లో మనం పడవల మీద వెంట తీసుకుపోతున్న మరుగుదొడ్ల దుర్వాసన తగ్గించాలని, ఆ వ్యర్థం చివరికి ఎక్కడికి చేరుతున్నదో కనిపెట్టి చూడాలని మీరు చెప్పారు. నివేదికలో ఎక్కువ భాగం దానికే కేటాయిస్తున్నాను.

నంది కొండల్లో పుట్టి, సుమారు 597 కిలోమీటర్లు నడిచి, ఊటుకూరు దగ్గర సముద్రంలో కలిసే పెన్న, సోమశిల నుంచి నీళ్లు వదిలిన రోజుల్లో తప్ప చాలా చోట్ల సన్నటి పాయగానే కనిపిస్తుంది. మిగతా నీరంతా ఇసుక అడుగున ఉంటుంది. ఒడ్డు గ్రామాలు తాగేది ఆ ఊటనే. ఇసుక మురికిని కొంతవరకు వడగడుతుంది గాని, మూత్రం వల్ల ఏర్పడే నైట్రేటును ఆపలేదు. అమెరికాలో గ్రాండ్ కాన్యన్ గుండా కొలరాడో నదిపై సాగే యాత్రికులు మలాన్ని గట్టి మూత ఉన్న పెట్టెల్లో యాత్ర ముగిసేదాకా మోసుకుపోతారు. మొదట్లో సైన్యం వాడి వదిలేసిన మందుగుండు పెట్టెలనే వాడేవారు. పీట లేకుండా అంచు మీదే కూర్చోవడం వల్ల తొడల మీద చారలు పడేవి, ఇంగ్లీషులో గాడిని, చారను గ్రూవ్ అంటారు కనుక ఆ చారల పేరుమీదనే వాటిని గ్రూవర్లు అనడం అలవాటైంది. మూత్రాన్ని మాత్రం అక్కడ నదిలోనే విడవమంటారు, ఎందుకంటే ఆ పెద్ద ప్రవాహంలో అది పలచబడిపోతుంది. ఈ రెండో నియమాన్ని మనమూ పాటిద్దామని ఒకరిద్దరు సభ్యులు వాదించారు. మోకాలి లోతు లేని పాయకు ఆ నియమం వర్తించదని, మూత్రాన్ని కూడా వెనక్కి తేవలసిందేనని కార్యవర్గం తీర్మానించింది.

ఇక వాసన సంగతి. మలమూత్రాలు వేరుగా ఉన్నంతసేపు కంపు భరించగలిగినంతే ఉంటుంది. రెండూ ఒకే డ్రమ్ములో కలిస్తే, మలంలోని సూక్ష్మజీవుల దగ్గరుండే యూరియేజ్ అనే ఎంజైము మూత్రంలోని యూరియాను విడగొట్టి అమ్మోనియాను పుట్టిస్తుంది. ఆ తడిలో గాలి ఆడక, కుళ్లిన గుడ్ల వాసన వేసే హైడ్రోజన్ సల్ఫైడు కూడా తోడవుతుంది. ఈ సంగతి తెలియక మనం ఇన్నేళ్లూ ఫినాయిలు పోశాము, కర్పూరం వెలిగించాము, పొదలకూరు నుంచి తెచ్చిన నిమ్మతొక్కలు కూడా వేశాము. వాటి వల్ల ఒక వాసన మీద మరో వాసన చేరిందే తప్ప కారణం తొలగలేదు.

సంవత్సరం మొదటి యాత్రలో నా సలహా మీదనే కలిసిన డ్రమ్ములో సున్నం చల్లాము. అది పొరపాటని ఇక్కడ ఒప్పుకోవడం నా బాధ్యత. సున్నపు క్షారం అమ్మోనియాను నీటిలో నిలవనివ్వక గాలిలోకి వెళ్లగొడుతుంది. మరుగుదొడ్డి చుట్టూ కట్టిన దడి లోపలికి వెళ్లిన పెద్దావిడ ఒకరు కళ్లు మండి, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని బయటికి వచ్చేశారు. అదే యాత్రలో, మూత బిగించిన డ్రమ్మును మధ్యాహ్నమంతా ఎండలో పడవ ముందు భాగాన వదిలేశాము. సాయంత్రానికి నీలం డ్రమ్ము పక్కలు ఉబ్బి, నిలబెడితే అడుగు నేలకు ఆనక ఊగింది. క్లాంపు వదులు చేయగానే మూత ఎగిరింది, ఆ తరువాత జరిగింది ఆ పడవలో ఉన్నవారికి గుర్తే ఉంటుంది. ఎండ వేడికి లోపలి సూక్ష్మజీవులు విడుదల చేసిన వాయువు బయటికి పోయే దారి లేకపోవడమే అందుకు కారణం. అప్పటి నుంచి ప్రతి డ్రమ్ము మీదా తడిపిన గోనెపట్టా కప్పుతున్నాము, రోజుకు రెండుసార్లు నీడలో క్లాంపును కొద్దికొద్దిగా వదులు చేసి వాయువు పోనిస్తున్నాము. బ్లీచింగు పౌడరును మూత్రం ఉన్న డ్రమ్ములో ఎట్టి పరిస్థితుల్లోనూ వేయవద్దని మరోసారి మనవి చేస్తున్నాను. రెండూ కలిస్తే ఊపిరితిత్తులకు హాని చేసే క్లోరమిన్ వాయువు పుడుతుంది.

ఇప్పుడు మనం వాడుతున్న పద్ధతి ఇది. పీట ముందు భాగాన వెడల్పాటి గరాటు బిగించి, గొట్టం ద్వారా మూత్రాన్ని 20 లీటర్ల క్యానులోకి పంపుతున్నాము. వెనుక భాగం నుంచి మలం డ్రమ్ములోకి పడుతుంది. వాడిన ప్రతివారూ ఒక చిప్పెడు ఊక, దాని మీద గుప్పెడు ఊక బూడిద చల్లాలి. ఊక తడిని పీల్చుకుని గాలి ఆడనిస్తుంది, బూడిద ఈగలను వాలనివ్వదు. మూత్రం కలవని డ్రమ్ములో బూడిద క్షారం వల్ల ఇబ్బంది లేదు. రంపపు పొట్టు కూడా పనికొస్తుంది గాని, నెల్లూరు జిల్లాలో రైస్ మిల్లు ఉన్న ప్రతిచోటా ఊకకు కొదవ లేదు కనుక డబ్బిచ్చి పొట్టు కొనడం అనవసరం.

పరదేశపు పుస్తకాల్లో దొరకని చిక్కు మనకు నీళ్లతో వచ్చింది. వారు కాగితం వాడతారు, మనం నీళ్లతో కడుక్కుంటాము. ఒక్కొక్కరు ఒక్కో చెంబెడు నీళ్లు డ్రమ్ములో పోస్తే ఊక ఎంత వేసినా బురద అవుతుంది. అందుకని దడి లోపలే ఒక అడుగు పక్కన, చిల్లుల పీట కింద వెడల్పాటి టబ్బు పెట్టి, కడుక్కునే చోటును వేరు చేశాము. ఆ నీళ్లు మూడో క్యానులోకి పోతాయి. ఇలా మూడు దారులుగా విడదీసే మరుగుదొడ్లు తమిళనాట ముసిరి వంటి చోట్ల శాశ్వత కట్టడాలుగానే ఉన్నాయి. మనం చేసిందల్లా దాన్ని పడవకు ఎక్కేలా కుదించడం. చెంబును దడి బయట మేకుకు తగిలించే ఏర్పాటు మహిళా సభ్యుల ఆలోచన. మేకుకు చెంబు ఉంటే లోపల ఎవరూ లేనట్టు, చెంబు లేకుంటే మనిషి ఉన్నట్టు. పిలవడం, దగ్గడం, తొంగి చూడడం అన్నీ ఒక్కసారిగా తప్పిపోయాయి. రుతుస్రావపు ప్యాడ్ల కోసం మూత ఉన్న చిన్న డబ్బాను వేరుగా పెట్టడం కూడా వారు పట్టుబట్టి సాధించినదే.

ఈ సంవత్సరం సంఘం గర్వంగా చెప్పుకోదగినది కార్తీక మాసపు యాత్ర. సోమశిల దిగువ నుంచి సంగం వైపు మూడు పగళ్లు, రెండు రాత్రులు, 30 మంది సభ్యులు ప్రయాణించారు. మనిషికి రోజుకు పావు కిలో మలం, లీటరు నుంచి లీటరున్నర మూత్రం లెక్కన 22 కిలోలకు పైగా మలం, 90 నుంచి 135 లీటర్ల మూత్రం వస్తాయని ముందే అంచనా కట్టి డ్రమ్ములు, క్యాన్లు, ఊక బస్తాలు ఎక్కించుకున్నాము. రెండో రాత్రి విడిసిన తిప్ప మీద వంటచోటుకు దిగువ గాలి పక్కన దడి కట్టాము. వెన్నెల్లో అన్నాలు తింటున్నప్పుడు పులిహోర వాసన తప్ప మరేదీ రాలేదని చెబితే అతిశయోక్తి కాదు. మరునాడు బయలుదేరే ముందు ఇద్దరు సభ్యులు తిప్పంతా కలియదిరిగి చూశారు. వలలు తీసుకుని అటుగా వచ్చిన జాలరి ఒకాయన, ఇంతమంది రెండు పూటలు ఉండిపోయిన చోట ముక్కు మూసుకోకుండా నిలబడగలగడం ఇదే మొదటిసారి అన్నారు. ఆ మాటను సంఘానికి అందిన సన్మానంగా భావించి ఈ నివేదికలో నమోదు చేస్తున్నాను.

అయితే అదే యాత్ర ముగిసిన మరుసటి ఉదయం జరిగినదాన్ని కూడా నమోదు చేయక తప్పదు. డ్రమ్ములు కడగడానికి ఎనిమిది మంది పేర్లు రాయించుకున్నారు. వచ్చింది ముగ్గురు. మిగిలిన ఫోన్లలో కొన్ని మోగి ఆగిపోయాయి, కొన్ని అసలు మోగలేదు. ఒక సభ్యుడు మనిషిని పంపి అయిదు వందల రూపాయలు ఇప్పించి, ఎవరినైనా కూలికి పెట్టి కడిగించమని కబురు చేశారు. ఆ డబ్బును అదే మనిషి చేతికి తిరిగి ఇచ్చేశాను. చేతులతో మలం ఎత్తించే పనిని 1993లోనూ, మళ్లీ 2013లోనూ చట్టం చేసి నిషేధించిన దేశం మనది. చట్టం లేకపోయినా, మన విహారం కోసం మనం నింపిన డ్రమ్మును మరో కుటుంబపు బిడ్డ చేత కడిగించే హక్కు మనకు లేదు. ఆ ఉదయం కడిగిన ముగ్గురిలో ఒకరు డెబ్బై ఏళ్లు దాటిన విశ్రాంత ఉపాధ్యాయులు. చేతి తొడుగులు వేసుకుని, పొడుగాటి కర్ర కుంచెతో మూతలో రబ్బరు వాషరు కూర్చునే గాడిని మూడుసార్లు తోమి, వాసన చూసి, నాలుగోసారి తోమారు. వాసన చివరిదాకా దాగేది ఆ గాడిలోనే. ఆయన అది చేస్తున్నంతసేపు రాని అయిదుగురి పేర్లు నా చేతిలోని కాగితం మీద ఉన్నాయి. ఆ పేర్లను ఈ సభలో చదవవద్దని ఆయనే కోరినందువల్ల చదవడం లేదు.

వ్యర్థం చేరవలసిన చోటు విషయంలో పని సగమే జరిగింది. డ్రమ్ముల్లోని ఊక కలిసిన మలాన్ని శుద్ధి కేంద్రంలో దించుకునేందుకు అనుమతి కోరుతూ సంబంధిత కార్యాలయానికి మూడు దరఖాస్తులు పెట్టాము. ఒకసారి ఇది తమ పరిధి కాదన్నారు, ఒకసారి ఫైలు పై వారి దగ్గర ఉందన్నారు, మూడోసారి దరఖాస్తు నకలు మళ్లీ ఇమ్మన్నారు. సెప్టిక్ ట్యాంకులను ఖాళీ చేసే బండ్లు ఊరి బయట కాలువల్లో దించుతుంటే అడ్డులేదు గాని, శుభ్రంగా మూత పెట్టి తెచ్చినవారికి మాత్రం చోటు లేదనడం బాధాకరం.

ఈలోగా నదికి దూరంగా నిమ్మతోట ఉన్న మన సభ్యుడు ఒకరు గట్టు కట్టిన రెండు గుంతలు ఇచ్చారు. మన వేడి వాతావరణంలో ఏడాదికి మించి కదపకుండా కప్పి ఉంచాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాలు చెబుతున్నందున, ఏలికపాముల గుడ్లు అంత త్వరగా చావవు కనుక, ఒక గుంత నిండగానే తేదీ రాసి మూసి రెండోదాన్ని వాడుతున్నాము. ఆ ఎరువును చెట్ల మొదళ్లకే గాని కూరగాయలకు వేయకూడదు. మూత్రాన్ని మూత బిగించిన క్యాన్లలో నిలవ ఉంచి, నీళ్లు కలిపి నిమ్మచెట్లకు పోస్తున్నాము. కడుక్కున్న నీళ్లు అదే తోటలోని ఇంకుడు గుంతలోకి పోతున్నాయి.

ఊక, బూడిద ఉచితంగా ఇచ్చిన రైస్ మిల్లు యజమానికి, డ్రమ్ములను ఎక్కించనివ్వడానికి మొదట వెనుకాడినా తరువాత తామే తాళ్లతో కట్టి భద్రం చేసిన పడవవారికి, దడి అల్లిన దంపతులకు, చెంబు ఏర్పాటు చేసిన మహిళా విభాగానికి, గుంతలు ఇచ్చిన సభ్యునికి సంఘం తరఫున మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు. జమాఖర్చుల పట్టికను కోశాధికారి గారు మీకు విడిగా పంచారు. ఆడిటు పూర్తయింది, కొద్దిపాటి నిల్వ ఉంది. సందేహాలుంటే వారినే అడగగలరు.

వచ్చే కార్తీకానికి ముందు రెండు డ్రమ్ముల రబ్బరు వాషర్లు మార్చాలి, ఒక గరాటు చీలింది. అంతకన్నా ముఖ్యంగా, యాత్రకు పేరు ఇచ్చే ప్రతివారూ అదే కాగితం మీద కడిగే రోజుకు కూడా సంతకం చేయాలని, సంతకం లేనివారికి పడవలో చోటు ఇవ్వరాదని కార్యవర్గం ప్రతిపాదిస్తున్నది. ఆ తీర్మానాన్ని ఈ సభ ఆమోదించవలసిందిగా కోరుతున్నాను. సంతకాల పుస్తకం కోశాధికారి గారి బల్ల మీద ఉంది.

ఇట్లు,
కార్యదర్శి