మీ ఊరి పిల్ల అప్రెంటిస్‌షిప్ సంగతి

చర్లపల్లి, హైదరాబాద్

బావా,

అక్కకు మోకాలి నొప్పి తగ్గిందా? నీ ఉత్తరం అందిన రోజే జవాబు రాయాల్సింది. కొత్త అప్రెంటిస్‌ల కాగితాల పనిలో పడి ఆలస్యమైంది, ఏమీ అనుకోకు.

ఎలక్ట్రీషియన్ ఐటీఐ పాసైన మీ ఊరి పిల్లను ఇక్కడ ఎవరైనా అప్రెంటిస్‌గా, అంటే ఫ్యాక్టరీలో పని నేర్చుకోవడానికి, తీసుకుంటారా అని అడిగావు. తప్పకుండా తీసుకుంటారు. 1961 నాటి అప్రెంటిస్‌ల చట్టం ఉంది కదా, దాని ప్రకారం కాంట్రాక్టు వాళ్లతో కలిపి 30 మంది, అంతకన్నా ఎక్కువ పనిచేసే చోట సిబ్బందిలో 2.5 నుంచి 15 శాతం దాకా అప్రెంటిస్‌లు ఉండాలి. మా ఫ్యాక్టరీలో 160 మందిమి. అంటే నలుగురు తప్పనిసరి, 24 మంది దాకా తీసుకోవచ్చు. ఏళ్ల తరబడి మేం ఆ నలుగురి దగ్గరే ఆగిపోయాం. నలుగురూ మగపిల్లలే, అందరూ మౌలాలి, కుషాయిగూడ చుట్టుపక్కల వాళ్లే. పల్లెల నుంచి ఎవరూ రావడం లేదని మావాళ్లు అంటుంటే నేనూ నమ్మాను.

పోయినేడు పాత దరఖాస్తులు తిరగేస్తే తెలిసింది. వచ్చారు బావా! వనపర్తి, నల్గొండ, ఆసిఫాబాద్ నుంచి కూడా పెట్టుకున్నారు. కొందరు ఎంపికై చేరలేదు, కొందరు చేరి పది రోజుల్లో వెళ్లిపోయారు. ఒక్కొక్కరికీ ఫోన్ చేశాను. వనపర్తి అమ్మాయి చెప్పిన మాట ఇప్పటికీ చెవిలో ఉంది. "సార్, పని నచ్చింది. హాస్టల్‌కు అడ్వాన్సు కట్టలేక వెళ్లిపోయాను."

లెక్క చూడు. ఐటీఐ వాళ్లకు శిక్షణలో ఇచ్చే కనీస స్టైపెండ్ నెలకు 7,000 అని 2019 నిబంధనల్లో పెట్టారు. అందులో 1,500 దాకా కేంద్రం నేరుగా పిల్లల ఖాతాలో వేస్తుంది, మిగతాది కంపెనీ ఇస్తుంది. ఏదైనా నెల నిండాకే చేతికొస్తుంది. ఈసీఐఎల్ దగ్గర మాకు తెలిసిన లేడీస్ హాస్టల్‌లో నెలకు 5,500, ఇంకో నెల అడ్వాన్సు. పెట్టె దించిన రోజే 11,000 కావాలి. కూలికి పోయే తండ్రి ఎక్కడి నుంచి తెస్తాడు? ఇల్లు సిటీలో ఉన్నవాడే అప్రెంటిస్ అవుతున్నాడంటే కారణం ఇదే.

యజమానితో రెండు నెలలు వాదించాను. చివరికి మొదటి నెల హాస్టల్ ఖర్చు, అడ్వాన్సు కంపెనీయే కట్టడానికి ఒప్పుకున్నారు. పిల్లలు వెళ్లేటప్పుడు అడ్వాన్సు ఎలాగూ తిరిగొస్తుంది. ఈ ఏడాది తొమ్మిది మంది చేరారు, అందులో నలుగురు అమ్మాయిలు. వినికిడి లేని అబ్బాయి ఒకడున్నాడు. వాడి కోసం మెషిన్ మీద అలారంతో పాటు ఎర్రలైటు పెట్టించాం. ఇప్పుడు ఆ చప్పుళ్లలో అందరూ ఆ లైటే చూస్తున్నారు.

అమ్మాయిల విషయంలో డబ్బు ఒక్కటే సరిపోలేదు. షాప్‌ఫ్లోర్‌లో, అంటే మెషిన్లు నడిచే చోట, ఆడవాళ్లకు బాత్రూమ్ లేదు. ఆఫీసు వైపు ఉన్నదానికి తాళం, ఆ తాళంచెవి వాచ్‌మన్ దగ్గర. పద్దెనిమిదేళ్ల పిల్ల వెళ్లి ప్రతిసారీ అతన్ని అడగాలి. అది చూశాక నాకు నిజంగా సిగ్గేసింది. ఇన్నేళ్లూ ఆ గేటులోంచే లోపలికి వస్తున్నాను కదా! ఇప్పుడు షాప్‌లోనే కట్టించాం, బట్టలు మార్చుకోవడానికి గది కూడా. పొద్దున ఆరింటి షిఫ్టుకు వాళ్లను వేయడం మానేశాం. బస్సు ఫ్రీయే, కానీ స్టాపు నుంచి గేటు దాకా చీకట్లో నడవాలి.

ఆ పిల్లకు ఒక్కటి మాత్రం దాచకుండా చెప్పు. శిక్షణ అయ్యాక ఉద్యోగం ఇచ్చి తీరాలని చట్టంలో లేదు. పరీక్ష పాసైతే జాతీయ అప్రెంటిస్‌షిప్ సర్టిఫికెట్ వస్తుంది. దానితో బాలానగర్‌ ఫ్యాక్టరీల్లోనో, జీడిమెట్ల ఫ్యాక్టరీల్లోనో ధైర్యంగా ఉద్యోగం అడగవచ్చు.

ఆధార్‌లోనూ ఐటీఐ సర్టిఫికెట్‌లోనూ పేరు ఒకేలా ఉందో లేదో ముందే చూడు. అక్షరం తేడాతో రెండు వారాలు ఆగిపోయిన వాళ్లున్నారు. బ్యాంకు ఖాతాకు ఆధార్ లింకై ఉండాలి. వాళ్ల నాన్నను నాకు ఫోన్ చేయమను. ఆదివారం పొద్దునైతే తీరిగ్గా మాట్లాడతాను. కుదిరితే ఇద్దరినీ ఒకసారి వచ్చి హాస్టల్ చూసుకోమను, నేనే స్టేషన్‌కు వస్తాను.

నీ బావమరిది