మేకల పెద్దయ్యకు కృతజ్ఞతలు

గత ఆదివారం తాడ్వాయి అడవిలో దామరవాయి రాక్షసగుళ్లు చూసి వస్తూ, హనుమకొండ నుంచి వెళ్లిన మేం నలుగురం దారి తప్పాం. పెద్ద పెద్ద బండలతో పేర్చిన ఆ ఇనుపయుగపు సమాధుల మధ్య తిరుగుతూ పొద్దు చూసుకోలేదు. ఫోనులో సిగ్నల్ లేదు. గుర్తులు లేని అడవిలో ప్రతి కాలిబాటా ఊరివైపే పోతున్నట్టు కనిపిస్తుంది.

పెద్దయ్యా, మేకలు తోలుకుపోతూ మీరు ఎదురయ్యారు. ‘గిట్టల గుర్తులు చూడండి, సాయంత్రం అవి ఇంటివైపే పోతాయి’ అన్నారు. చెప్పి ఊరుకోకుండా రోడ్డు దాకా నడిచారు. దారిలో నా కాలి ముల్లు కూడా తీశారు. డబ్బు ఇవ్వబోతే కోప్పడ్డారు, మా సీసాలోని నీళ్లు మాత్రం తాగారు. మీ పేరైనా అడగలేదు. కొండలెక్కడంలో అనుభవజ్ఞులమని చెప్పుకునే మాకు ఆపాటి ఇంగితం లేకపోయింది. మీకు మా నలుగురి నమస్కారాలు.