పావుకిలో కందిపప్పు లెక్క

ఎడిటర్ గారికి నమస్కారం. మాది నెల్లూరు పక్కన కోవూరు, ఇరవై ఏళ్లుగా చిల్లర అంగడి నడుపుతా ఉన్నా. అమెరికాలో గుడ్లు అంత రేటు, పాలు ఇంత రేటు, మనదగ్గర ఎంత చవకో అని అంగడికొచ్చే వాళ్లు చెప్తా ఉంటే నాకు నవ్వొస్తాది. ఉత్త రేటు చూస్తే ఏం తెలుస్తాది సార్, సంపాదనలో తిండికి ఎంత పోతా ఉందో చూడాలి గానీ. అమెరికా వాళ్లకి చేతికొచ్చే వందలో తిండికి పోయేది పదకొండు దాకా, అదీ హోటళ్లలో తినేది కలుపుకొని. మనకి 2022-23 కేంద్రం సర్వే ప్రకారం ఇంటి ఖర్చులో పల్లెల్లో 46 శాతం, టౌన్లలో 39 శాతం తిండికే, నైజీరియాలో అయితే సగం పైనే.

రేట్లు పెరిగితే బియ్యం తగ్గించేవాళ్లు నాకు కనపడలా, రేషన్ బియ్యం 2023 జనవరి నుంచి ఫ్రీనే కదా (అవి అమ్మేసి సన్నబియ్యం కొనుక్కునేది వేరే కథలే). తగ్గేది పప్పు, నూనె, పాలు, గుడ్లు. కిలో కందిపప్పు తీసుకునే ఆమె పావుకిలో చాలన్నా అంటాది. 2022లో ఉక్రెయిన్ యుద్ధం వచ్చి సన్‌ఫ్లవర్ నూనె మండిపోతే పామాయిల్ ప్యాకెట్‌కి దిగినారు, ఇండోనేషియా వాళ్లు ఎగుమతి ఆపేసరికి అదీ పెరిగింది, ఇంక అరలీటర్‌తో సరిపెట్టుకున్నారు. అదే నెలజీతం వాళ్ల ఇంటి నుంచి వచ్చే చీటీ మాత్రం మారలా, నన్ను నాలుగు తిట్టి అవే సరుకులు తీసకపోయినారు. దేశాల మధ్య కూడా ఇంతే అంట, రేటు పెరిగితే బీద దేశాల వాళ్లు తిండి బాగా తగ్గించుకుంటారు, అందులోనూ ముందు పోయేది మాంసం, పాలే, ఉన్న దేశాల్లో పెద్ద తేడా కనపడదు.

రేటు పెరక్కపోయినా సంపాదన పడిపోతే జరిగేదీ అదే. 2025 ఆగస్టులో అమెరికా వాడు మన సరుకు మీద 50 శాతం సుంకం వేసినాడు, మన గుంటల్లో రొయ్య ఎక్కువ పోయేది అక్కడికే, గుంటల మీద పనిచేసే పిల్లోళ్ల ఖాతాలు నా అప్పు పుస్తకంలో రెండు నెలలు కదల్లా, పప్పు రేటు మాత్రం ఎప్పటిదే.

మీ పేపర్లో రోజూ మార్కెట్ రేట్లు వేస్తా ఉంటారు కదా, దాని పక్కనే మన జిల్లాలో ఆ రోజు కూలి ఎంతో, ఆ కూలికి ఎన్ని కిలోల కందిపప్పు వస్తాదో ఒక్క లైను వెయ్యండి సార్.

ఇట్లు,
చిల్లర అంగడి యజమాని, కోవూరు