ట్యాబ్ పక్కన పెట్టించి పరీక్ష పెట్టండి

సంపాదకులకు నమస్కారం.

పిల్లల చదువుకు ఏఐ ట్యూటర్లు వచ్చేస్తున్నాయని ఈమధ్య తరచూ వార్తల్లో చూస్తున్నాం. రావడం మీద నాకు అభ్యంతరం లేదు, వాటిని పిల్లల మీద పరీక్షించే పద్ధతి చూస్తేనే బాధగా ఉంది. మా బడికీ ఒక కంపెనీ వాళ్లు అలాంటి ట్యూటర్ యాప్ ఉన్న ట్యాబ్‌లు పట్టుకొని వచ్చారు. పదో తరగతిలో బాగా చదివేవాళ్లనే కూర్చోబెట్టమని, ఒక పీరియడ్ వాడించి, ‘ఎలా ఉంది, అర్థమైందా’ అని అడిగారు. పెద్దవాళ్లు అలా అడిగితే మన పిల్లలు అర్థమైంది అనక ఇంకేమంటారండీ! అదే ఫారాల్లో నింపుకొని వెళ్లిపోయారు.

నేను ఒకమ్మాయి వెనకాల నిలబడి చూశాను. వర్గ సమీకరణాల్లో పిల్లలందరికీ తెలిసిన రైలు లెక్క అది. దూరం 360 కి.మీ., వేగం గంటకు 5 కి.మీ. పెరిగితే గంట ముందే చేరుతుంది, అసలు వేగమెంత? రెండు ప్రయాణాలకూ పట్టే సమయాలు తనే రాసుకుంది, ఏ సమయంలోంచి ఏది తీసెయ్యాలో తేలక ఆగింది. యాప్ ఆ సంగతి అడక్కుండానే 40 అని జవాబు వచ్చేదాకా లెక్కంతా చేసి చూపించేసింది. అమ్మాయి ‘ఓకే’ నొక్కి తర్వాత లెక్కకు వెళ్లింది. మర్నాడు బోర్డు మీద అదే లెక్క ఇస్తే మళ్లీ అక్కడే ఆగింది. ‘వేగం పెరిగితే టైమ్ ఎక్కువ పడుతుందా, తక్కువా’ అని ఒక్క ప్రశ్న వేశాను, మిగతాదంతా తనే చేసింది.

టర్కీలో దాదాపు వెయ్యి మంది హైస్కూల్ పిల్లలతో లెక్కల్లోనే ఇలాంటి పరిశోధన జరిగింది, 2025లో అచ్చయింది. అడిగిందానికి నేరుగా జవాబు చెప్పేసే మామూలు ఏఐ చాట్‌బాట్ వాడిన పిల్లలు అభ్యాసంలో 48 శాతం మెరుగ్గా చేశారు, అది తీసేసి పరీక్ష పెడితే అసలు వాడనివాళ్లకన్నా 17 శాతం వెనకబడ్డారు. జవాబు చెప్పకుండా సూచనలు మాత్రమే ఇచ్చేలా తయారుచేసిన దాంతో ఆ నష్టం చాలావరకు తప్పింది. మన దేశంలోనూ ఢిల్లీలో మైండ్‌స్పార్క్ అనే కంప్యూటర్ పాఠాలను 619 మంది పిల్లలతో, లాటరీ తీసి సగం మందికే ఇచ్చి, చివర్లో అందరికీ కాగితం మీదే పరీక్ష పెట్టి చూశారు. లాభం ఉందని అలా తేలింది. అంటే సరిగ్గా పరీక్షించడం మనకు చేతకాని పనేం కాదు.

కాబట్టి కంపెనీలకు నా విన్నపం: వెనకబడిన పిల్లల్ని కూడా, అసలు వాళ్లనే ముందు కూర్చోబెట్టండి. ఎక్కడ ఆగుతున్నారో పక్కన కూర్చుని చూడండి, అది సరిచేసి మళ్లీ అదే పిల్లల దగ్గరకు రండి. వారం పోయాక ట్యాబ్ లేకుండా కాగితం, పెన్ను ఇచ్చి పరీక్ష పెట్టండి. ఆ మార్కులు బయటపెట్టనిదే ఏ యాప్‌నూ కొనొద్దని రెండు రాష్ట్రాల విద్యాశాఖలనూ కోరుతున్నాను.

— ఒక ప్రభుత్వ పాఠశాల గణిత ఉపాధ్యాయురాలు, ప్రకాశం జిల్లా